పావులూరి మల్లన పద్యంలోని 18446744073709551615: కంప్యూటర్‌లో వేరే అంకెలు ఎందుకు వస్తున్నాయి?

నిడదవోలు చదువరి

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. చదరంగం గడుల కథ మీద బడికి ఒక ప్రాజెక్టు రాస్తోంది. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో దానిలో నాలుగు, అలా 64 గడుల దాకా రెట్టిస్తూ పోతే మొత్తం ఎన్ని గింజలవుతాయన్నదే లెక్క. కంప్యూటర్‌లో పట్టిక వేసి కూడితే 18446744073709600000 వచ్చింది. ఫోనులో ఒక వెబ్ పేజీలో వేస్తే 18446744073709552000 వచ్చింది.

తెలుగు పండితులుగా పనిచేసిన మా నాన్నగారి నోటుపుస్తకంలో ఇదే లెక్కకు పావులూరి మల్లన అనే పాతకాలపు గణిత కవి పద్యం ఉంది. అందులో సంఖ్య ఉన్న భాగం ఇది:

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

దాని కింద నాన్నగారు పెన్సిలుతో 18446744073709551615 అని రాసుకున్నారు. మూడు చోట్లా మొదటి పద్నాలుగు అంకెలు ఒక్కటే, చివరి ఆరు అంకెల దగ్గరే తేడా. "తాతయ్య పుస్తకం తప్పా, కంప్యూటర్ తప్పా?" అని పాప అడిగింది. నాకు జవాబు తెలియలేదు. మీలో తెలిసినవారు చెప్పగలరా?

లెక్కల పంతులు

పద్యమే ఒప్పు. పాపకు చెప్పడానికి కాగితం కూడా అక్కరలేదు. మొదటి గడిలో ఒక్క గింజ ఉంది, అది బేసి. మిగిలిన 63 గడుల్లోనూ సరి సంఖ్యలే. కాబట్టి మొత్తం బేసి కావాలి. మీ రెండు యంత్రాలూ చివర సున్నా చూపిస్తున్నాయి కనుక రెండూ తప్పే.

ఇంకొంచెం ముందుకు వెళ్దాం. మొత్తం విలువ 2⁶⁴ కన్నా ఒకటి తక్కువ. రెండు గడులకు 3, మూడు గడులకు 7, నాలుగింటికి 15, ఇలా ప్రతిసారీ తర్వాతి గడికి ఒకటి తక్కువగా వస్తుంది. 2కు ఘాతాల (2, 4, 8, 16, 32...) చివరి అంకెలు 2, 4, 8, 6 అని వరసగా తిరుగుతాయి. 64ను నాలుగు నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి 2⁶⁴ చివర 6 ఉంటుంది. ఒకటి తీసేస్తే 5. పద్యం మొదటి మాట "శర", అంటే మన్మథుడి బాణాలు, అయిదు. సరిపోయింది.

మొత్తం సంఖ్యను చేత్తో సాధించడానికి 64 సార్లు రెట్టించనక్కరలేదు. వర్గం చేస్తూ పోతే ఆరు మెట్లు చాలు: 2, 4, 16, 256, 65536, 4294967296, ఆ తర్వాత 18446744073709551616. చివరి గుణకారం ఒక్కటే పెద్దది. పాపను ఒక పూట కూర్చోబెట్టి అది చేయించండి. ప్రాజెక్టులో ఆ కాగితం అతికిస్తే కంప్యూటర్ పట్టిక కన్నా విలువైనదవుతుంది.

కీబోర్డు కాపు

సాఫ్ట్‌వేర్ నా వృత్తి కాబట్టి యంత్రం వైపు సంగతి నేను చెబుతాను. లెక్క తప్పిందనడం కన్నా చోటు చాలలేదనడం సరైనది. పట్టికల సాఫ్ట్‌వేర్ సంఖ్యను పదిహేను అంకెలకు సవరించి చూపి, తర్వాతివన్నీ సున్నాలు చేస్తుంది. అందుకే 600000.

వెబ్ పేజీలో వచ్చినది ఇంకా ఆసక్తికరం. అక్కడ సంఖ్యను 53 బిట్ల (0 గాని 1 గాని ఉండే స్థానాల) ఖచ్చితత్వంతో దాస్తారు. 2⁶⁴కు కాస్త దిగువన, ఆ పద్ధతిలో పక్కపక్కన ఉండగలిగే రెండు సంఖ్యల మధ్య దూరం 2048. అంటే 2⁶⁴ను సరిగ్గా దాచగలదు గాని, దానిలోంచి ఒకటి తీసేస్తే ఆ ఫలితానికి చోటు లేదు. దగ్గరలో ఉన్న 2⁶⁴కే తిరిగి వస్తుంది. దాన్ని తెర మీద చూపేటప్పుడు చివరి అంకెలను సవరించి 552000 అని రాస్తుంది.

అయితే పూర్ణాంకాలను 64 బిట్లలో దాచే పద్ధతి వేరే ఉంది. అందులో ఈ సంఖ్యకు ప్రత్యేక స్థానం: 64 బిట్లూ ఒకట్లే ఉన్న సంఖ్య ఇదే. గుర్తు లేని 64 బిట్ల పూర్ణాంకాల్లో ఇంతకన్నా పెద్దది లేదు. దీనికి ఒకటి కలిపితే స్కూటరు మీటరు తిరిగినట్టు అన్నీ సున్నాలవుతాయి. వెయ్యేళ్ల నాటి పద్యంలోని సంఖ్యను నేను రోజూ పనిలో చూస్తున్నానని ఈ చర్చ చదివేదాకా నాకు తెలియదు. నిజంగా ఒళ్లు పులకరించింది.

ఛందోభిమాని

ఈ పద్యం నాకు ప్రాణం. కాస్త తీరికగా రాస్తాను, ఓపిక పట్టండి.

అంకెకు బదులు దాన్ని గుర్తుచేసే వస్తువు పేరు చెప్పడాన్ని భూతసంఖ్యలంటారు. అంకెలను కుడి నుంచి ఎడమకు చెప్పడం వాటి సంప్రదాయం. "అంకానాం వామతో గతిః" అంటారు. అలా చదివితే: శర 5, శశి 1, షట్క 6, చంద్ర 1, శర 5, సాయక 5, రంధ్ర 9, వియత్ 0, నగ 7, అగ్ని 3, భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య 4, కుంజర 8, తుహినాంశు 1. ఇరవై మాటలు, ఇరవై అంకెలు. వెనక నుంచి రాసుకుంటే నాన్నగారు పెన్సిలుతో రాసినదే వస్తుంది.

ఇక ఆ మాటల ఎంపిక చూడండి. ఏడుకు మూడుసార్లూ పర్వతమే, కాని నగ, భూధర, గిరి అని మూడు పేర్లు. ఒకటికి మూడుసార్లూ చంద్రుడే: శశి, చంద్ర, తుహినాంశు. నాలుగుకు సముద్రం రెండుసార్లు, వేదం ఒకసారి, బ్రహ్మ ముఖాలు ఒకసారి. ఈ వైవిధ్యం అలంకారం కోసం మాత్రమే కాదు, చంపకమాల అడిగింది. న జ భ జ జ జ ర గణాలు, పదకొండో అక్షరం దగ్గర యతి, రెండో అక్షరం ప్రాస. మొదటి పాదంలో "శ"కు "సాయక"లోని "సా" యతి. ఆ చోట గురువు పడాలి కాబట్టి ఇంకో "శర" పనికిరాదు, వేరే బాణం కావలసి వచ్చింది. రెండో పాదం "ధర"తో మొదలై "తర్క" దగ్గర యతి చెల్లుతుంది. మూడో పాదం "జర". శర, ధర, జర: ప్రాస "ర". ఎనిమిదికి దంతి అనో గజ అనో అనకుండా కుంజర అన్నది అందుకే. భూధరుణ్ణి రెండు పాదాల మధ్య విరిచి "ధర"ను ప్రాసస్థానంలో నిలబెట్టడం నాకు ఎప్పుడు చదివినా ఆశ్చర్యమే.

ఇంకో చిన్న సంగతి. నేత్రం, కరం, పక్షం లాంటి రెండును చెప్పే మాట ఈ పద్యంలో ఒక్కటీ లేదు. అన్నీ రెట్టింపులే అయిన లెక్కకు జవాబులో 0 నుంచి 9 దాకా ప్రతి అంకె ఉంది, ఒక్క 2 తప్ప.

సందేహి

ఛందోభిమాని గారి వివరణ బాగుంది. కాని ఒక్క ప్రశ్న. పద్యం నోటి ద్వారా, తాళపత్రాల ద్వారా వచ్చింది. నకలు రాసేవారు ఒక మాట మార్చి ఉంటే? "గిరి" బదులు "శశి" అని రాసినా గణాలు చెడవు, యతిప్రాసలూ చెడవు. అంకె మాత్రం 7 నుంచి 1కి మారిపోతుంది. ఛందస్సు ఒక్కటే కాపలా అంటే ఒప్పుకోలేను.

లెక్కల పంతులు

మంచి ప్రశ్న. ఛందస్సు కాపలా కాయలేని చోట అంకగణితం కాస్తుంది.

సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెలుగా విడదీయండి: 18, 446, 744, 073, 709, 551, 615. కుడి చివర నుంచి ఒకదాన్ని కూడుతూ, తర్వాతి దాన్ని తీసేస్తూ పొండి.

615 − 551 + 709 − 73 + 744 − 446 + 18 = 1016

ఇది సంఖ్యను 1001తో భాగించినప్పటి శేషానికి సమానం. 1016లో 1001 పోతే 15.

ఇప్పుడు పద్యంతో పనిలేకుండా నేరుగా లెక్కిద్దాం. 1001 అంటే 7 × 11 × 13. రెండు ఘాతాల శేషాలు 7తో మూడేసి మెట్లకు, 11తో పదేసి మెట్లకు, 13తో పన్నెండేసి మెట్లకు తిరిగి 1కి వస్తాయి. మూడూ కలిసేది 60వ మెట్టు దగ్గర. కాబట్టి 2⁶⁰ని 1001తో భాగిస్తే శేషం 1. అప్పుడు 2⁶⁴ శేషం 16, మన సంఖ్య శేషం 15. రెండు దారుల్లోనూ ఒకే శేషం.

ఈ పరీక్ష బలం ఏమిటంటే, ఏ ఒక్క అంకె మారినా శేషం తప్పకుండా మారుతుంది. పక్కపక్క అంకెలు రెండు తారుమారైనా పట్టుకుంటుంది. మీరన్న "శశి" ఇక్కడ దొరికిపోతుంది. బలహీనత కూడా చెప్పాలి: 615, 709 లాంటి రెండు ముక్కలు మొత్తంగా చోట్లు మార్చుకుంటే పట్టుకోలేదు, రెండూ కూడికలోనే ఉన్నాయి కనుక. కాని పద్యంలో ఆ మార్పు జరగాలంటే మూడేసి మాటలు ఎగిరి వేరేచోట కూర్చోవాలి. అప్పుడు చంపకమాల ఒప్పుకోదు.

సందేహి

కాగితం మీద చేసి చూశాను. 15 వచ్చింది. "గిరి" స్థానంలో 1 పెట్టి చేస్తే 416 వచ్చింది. తృప్తిగా ఉంది, ధన్యవాదాలు.

సంఖ్యాప్రియ

ఇంతదాకా వచ్చాక ఈ సంఖ్య లోపల ఏముందో చూడకపోతే అన్యాయం. దీన్ని విడదీయడం ఉల్లిపొర వలిచినంత సులభం. రెండు వర్గాల భేదం సూత్రం ఒక్కటి చాలు. 2⁶⁴ − 1 అంటే (2³² + 1)(2³² − 1). రెండో ముక్కను మళ్లీ అలాగే విడదీయండి, దాని రెండో ముక్కను మళ్లీ. చివరికి మిగిలేది:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

వీటినే ఫెర్మా సంఖ్యలంటారు. ఇలాంటివన్నీ ప్రధాన సంఖ్యలేనని ఫెర్మా 17వ శతాబ్దంలో నమ్మాడు. మొదటి అయిదూ నిజంగానే ప్రధాన సంఖ్యలు. ఆరోది కాదని 1732లో ఆయిలర్ తేల్చాడు: 4294967297 = 641 × 6700417. అంటే మన చదరంగం సంఖ్యలో ఫెర్మా ఊహ నిలబడిన చోటూ ఉంది, కూలిన చోటూ ఉంది.

641 భాగిస్తుందని భాగహారం చేయకుండానే చూపవచ్చు. నాకు ఎంతో ఇష్టమైన నిరూపణ ఇది. 641ని రెండు రకాలుగా రాయండి: 5 × 2⁷ + 1 అని ఒకటి, 5⁴ + 2⁴ అని ఇంకొకటి. మొదటి రూపం ప్రకారం, 641తో భాగించే శేషాల్లో 5 × 2⁷ అంటే −1. దాన్ని నాలుగో ఘాతం చేస్తే 5⁴ × 2²⁸ అంటే 1. రెండో రూపం ప్రకారం 5⁴ అంటే −2⁴. అది ఇక్కడ పెడితే −2³² అంటే 1. కాబట్టి 2³² + 1 శేషం సున్నా. అయిపోయింది.

మొత్తం ఏడు ప్రధాన కారణాంకాలు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏదీ రెండోసారి రాదు. అందువల్ల దీనికి సరిగ్గా 128 భాజకాలు. అది కూడా రెండు ఘాతమే.

ఇంకొకటి. 3, 5, 17, 257, 65537లను ఎలా కలిపి గుణించినా వచ్చే సంఖ్యకు సరిపడే భుజాలతో సమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయవచ్చు. 17 భుజాలది సాధ్యమని గాస్ 1796లో, ఇంకా ఇరవై ఏళ్లు నిండకముందే, కనుగొన్నాడు. అలాంటి బేసి బహుభుజులు ఇప్పటికి తెలిసినవి 31. ఆ 31 సంఖ్యలూ మన సంఖ్యకు భాజకాలే.

బాపట్ల గృహిణి

నేను గణితం చదివిన దాన్ని కాదు. కాని గింజలన్నారు కాబట్టి ఒక పని చేశాను. ఇంట్లో ఉన్న సాంబమసూరి బియ్యం వెయ్యి గింజలు లెక్కపెట్టి, మా వారి దగ్గరున్న చిన్న కాటా మీద పెట్టాను. 13 గ్రాములు తూగింది. దాన్ని బట్టి ఈ సంఖ్యకు ఎంత బియ్యం అవుతుందో మా అబ్బాయి లెక్క వేశాడు: దాదాపు 24,000 కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిపి ఏడాదికి సుమారు 50 కోట్ల టన్నుల బియ్యం పండుతోందంటే, ఈ లెక్కన 480 ఏళ్ల పంట. మధ్యలో ఎవరూ ఒక్క మెతుకు తినకూడదు.

వెయ్యి గింజలు లెక్కపెట్టడానికే నాకు పావుగంటకు పైగా పట్టింది. చదరంగం బల్ల మీద అది పదో గడి దాకా కూడా నిండుగా రాదు. పది గడుల మొత్తం 1023 కదా.

చరిత్ర పాఠకుడు

ఈ లెక్క మన దగ్గరే కాదు, ఇతరుల దగ్గరా ఉంది. అల్ బిరూనీ క్రీ.శ. 1000 ప్రాంతంలోనే చదరంగం గడుల మొత్తాన్ని వర్గాల పద్ధతిలో సాధించి చూపాడు. సిస్సా అనే జ్ఞాని రాజును గింజలు కోరిన కథను 13వ శతాబ్దంలో ఇబ్న్ ఖల్లికాన్ రాశాడు. మల్లనను సాహిత్య చరిత్రలు 11వ శతాబ్దంలో పెడతాయి. ఆయన తెలుగులోకి తెచ్చినది 9వ శతాబ్దపు జైన గణితవేత్త మహావీరాచార్యుల గణితసారసంగ్రహాన్ని. మహావీరాచార్యులు ఏకం నుంచి మహాక్షోభం దాకా 24 స్థానాలకు పేర్లు పెట్టారు. ఆ వరసలో మన సంఖ్య ఎడమ కొసన ఉన్న 1 ఇరవయ్యో స్థానం, మహాశంఖంలో ఉంటుంది. మన వాడుకలో చెప్పాలంటే 1,84,467 కోట్ల కోట్లు, 44,07,370 కోట్లు, 95,51,615.

ఇదే సంఖ్య 1883లో ఇంకో వేషంలో వచ్చింది. ఫ్రెంచి గణితవేత్త ఎడ్వార్డ్ లూకా మూడు కమ్మీలు, చిల్లు బిళ్లల ఆటను (టవర్ ఆఫ్ హనోయ్) విడుదల చేశాడు. కాశీలోని గుడిలో 64 బంగారు బిళ్లలను పూజారులు ఒక్కొక్కటిగా మారుస్తుంటారని, పూర్తయితే లోకం అంతమవుతుందని దానికి ఒక కథ. ఆ కథ కల్పితం. లెక్క మాత్రం నిజం: 64 బిళ్లలకు కావలసిన కనీస కదలికలు సరిగ్గా 18446744073709551615. సెకనుకు ఒకటి చొప్పున అయితే సుమారు 58,450 కోట్ల సంవత్సరాలు. మన కల్పం 432 కోట్ల సంవత్సరాలు కాబట్టి 135 కల్పాలకు పైనే.

ఛందోభిమాని

లెక్కల పంతులు గారు చెప్పిన వర్గాల మెట్లు చదివాక పింగళుడు గుర్తొచ్చి మళ్లీ వచ్చాను. గురులఘువుల ప్రస్తారంలో, అంటే వాటిని అన్ని విధాలా పేర్చే జాబితాలో, n అక్షరాలకు ఎన్ని వృత్తాలు (పద్యాల నడకలు) పుడతాయో, అంటే 2ⁿ ఎంతో, సగం చేస్తూ వర్గిస్తూ కట్టే పద్ధతి ఆయన ఛందశ్శాస్త్రంలో ఉంది. చదరంగం లెక్కకు ఛందస్సు పరాయిది కాదు, పుట్టిల్లు.

చంపకమాల పాదానికి 21 అక్షరాలు. ఆ ప్రకృతి ఛందంలో మొత్తం 2²¹, అంటే 20,97,152 వృత్తాలు. వాటిలో చంపకమాల వరస సంఖ్య 7,11,600. లక్షణ గ్రంథాల్లో ఉన్న ఈ సంఖ్యను ఎవరైనా సరిచూడవచ్చు: గురువుకు 0, లఘువుకు 1 పెట్టి, మొదటి అక్షరానికి 1, రెండోదానికి 2, మూడోదానికి 4 విలువలు ఇస్తూ లఘువుల విలువలు కూడి, చివర ఒకటి కలపండి. అదే చదరంగం రెట్టింపు, 21వ గడి దగ్గర ఆగింది, అంతే.

64 అక్షరాల పాదమే ఉంటే? దాని ప్రస్తారంలో 18446744073709551615వ వృత్తం ఏదో చెప్పగలం: మొదటి అక్షరం గురువు, తక్కిన 63 అన్నీ లఘువులు.

కీబోర్డు కాపు

7,11,600 నేను ప్రోగ్రామ్ రాసి సరిచూశాను. సరిపోయింది. గురువు సున్నా, లఘువు ఒకటి. మేము బిట్ల వరస అనేదాన్ని ఛందస్సు పాఠంలో గురులఘువుల వరస అంటారన్నమాట. బడిలో గణవిభజన ఎందుకని విసుక్కున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి చదవాలనిపిస్తోంది.

నిడదవోలు చదువరి

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం పాప 4294967296ను చేత్తో వర్గం చేసింది. మొదటిసారి ఒక చోట చేతిలో ఉంచుకున్న అంకె కలపడంలో పొరపాటు వచ్చింది. మూడేసి అంకెల పరీక్ష పెట్టుకుని తప్పు ఉందని తనే తెలుసుకుంది, రెండోసారి సరిగ్గా వచ్చింది. ఆ కాగితాన్ని, తాతయ్య నోటుపుస్తకంలోని ఆ పుటను పక్కపక్కన అతికిస్తోంది.

ఇప్పుడు ఇంకో పట్టు పట్టింది. చదరంగం బల్లలో సగం, అంటే 32 గడులు దాటాక 33వ గడిలో ఉండేది 4294967296 గింజలు. దానికి తనే భూతసంఖ్యలు రాస్తానంది. కుడి నుంచి ఎడమకు 6, 9, 2, 7, 6, 9, 4, 9, 2, 4. ఆరుకు రసాలు, తొమ్మిదికి నిధులు, రెండుకు కళ్లు, ఏడుకు గిరులు, నాలుగుకు వేదాలు అని జాబితా రాసుకుంది. అవి పద్యంలో ఇముడుతాయా అని ఛందోభిమాని గారిని అడగమంటోంది.

ఛందోభిమాని

చిరంజీవికి ఆశీస్సులు. చంపకమాల ఇప్పుడే వద్దు, ఆటవెలది తేలిక. తన మాటలు చాలావరకు అలాగే ఉంచి, మొదటి ఆరుకు మాత్రం అరిషడ్వర్గాన్ని తెచ్చాను, "గిరులు"తో ప్రాసయతి కలవడానికి:

అరులు రంధ్ర కనులు గిరులును రసములు
నిధులు వేద రంధ్ర నేత్ర జలధి

పది అంకెలూ వచ్చాయి. రెండో పాదంలో "ని"కి "నే" యతి. మిగిలిన రెండు పాదాల్లో ఇది చదరంగంలో ఎన్నో గడి లెక్కో చెప్పాలి. అవి అమ్మాయినే రాయమనండి. మూడో పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, నాలుగో పాదంలో అయిదూ సూర్యగణాలే. రాసి ఇక్కడ పెడితే గణాలు నేను చూస్తాను.